ఏడు గుంతల పెనం

హజ్జా తిండి మానేసి ఆ మంగళవారానికి ఆరు రోజులు. పొద్దున కాసిని పాలు, సాయంత్రం ఒక ఖర్జూరం, అదీ కాస్త చప్పరించి ఉమ్మేసేది. మేడం నూరా స్వయంగా కోడి సూపు కాచి, మంచం పక్కన కూర్చుని గంటసేపు బతిమాలింది. డాక్టరు వచ్చి చెయ్యి చూసి, కన్ను చూసి, జబ్బేమీ లేదు వయసేనని చెప్పి, కాఫీ తాగి వెళ్ళాడు. ఆ మాత్రం చెప్పడానికి డాక్టరెందుకని పనిమనిషి సుబ్బాయమ్మ మనసులో అనుకుంది.

మహూజ్‌లో మూడో అంతస్తు ఫ్లాటు మేడం వాళ్ళది. వంటగదిని ఆనుకుని ఉన్న చిన్న గదిలో మంచం హజ్జాది, కింద పరుపు సుబ్బాయమ్మది. హజ్జా ఆ ఇంటి మనిషి కాదు, అసలు అరబ్బు మనిషే కాదు. ఎక్కడో ఆఫ్రికాలో కానో అనే ఊరట. మక్కాలో మేడంని పుట్టిన రోజు నుంచీ ఎత్తుకుని పెంచింది. మేడం పెళ్ళయి బహ్రెయిన్ వస్తుంటే పెట్టెలతో పాటు తనూ వచ్చింది. రెండు కళ్ళకీ శుక్లాలు కమ్మాయి. వచ్చిందెవరో అడుగుల చప్పుడుని బట్టి, ముట్టుకున్న చేతిని బట్టి పోల్చుకుంటుంది.

సుబ్బాయమ్మకి మాత్రం ఆ వారమంతా కాలు నేల మీద నిలవడం లేదు. రెండేళ్ళ ఒప్పందం కిందటి నెలతో తీరిపోయింది. పై వారం గురువారం పొద్దున పదిన్నరకి బొంబాయి విమానంలో ఆమెకి సీటు రాయించారు. పాస్‌పోర్టు కఫీల్, అంటే మేడం భర్త బాబాగారి బీరువాలో ఉంది, టిక్కెట్టు ఆ పాస్‌పోర్టులో ఉంది. రాజోలు దగ్గర పల్లెలో కూతురు లక్ష్మిప్రసన్న ఏడో నెలలోనే పుట్టింటికి వచ్చేసింది. ఇప్పుడు నెలలు నిండాయి. తొలికాన్పు పుట్టింట్లో జరగాలంటారు గాని, పుట్టిల్లంటే అమ్మేగా. ఆ ఇంట్లో ఉన్నది సుబ్బాయమ్మ మొగుడు జగ్గారావు ఒక్కడు. కొబ్బరికాయలు వలిచి బతికే మనిషి, నొప్పులు పడే పిల్ల పక్కన ఏం చేస్తాడు? చేతులు నలుపుకుంటూ వాకిట్లో తిరుగుతాడు.

ఈ ఊసేదీ సుబ్బాయమ్మ హజ్జాకి చెప్పలేదు. నిండు చూలాలి మాట బయట పెడితే దిష్టి తగులుతుంది. కాన్పయ్యి బిడ్డ ఏడ్చేదాకా నోరు కట్టుకోమని వాళ్ళ అత్తగారు బతికుండగా పదిసార్లు చెప్పేది. సెలవు కోసం మేడంకి చెప్పక తప్పలేదు కాబట్టి చెప్పింది. హజ్జాకి ఎందుకు? పైగా ఆ ముసలామె బెంగ పెట్టుకుని పాలు కూడా మానేస్తే ఆ పాపం ఎవరికి?

మంగళవారం మధ్యాహ్నం సుబ్బాయమ్మ రొట్టెల పిండి కలుపుతూ, ఒంటరిగా ఉంటుందని ఆ బేసిను హజ్జా గదిలోకి పట్టుకెళ్ళి మంచం కింద చతికిలబడింది. హజ్జా అరబ్బీ బాగా మాట్లాడుతుంది. సుబ్బాయమ్మది వంటింటి అరబ్బీ. అయినా రెండేళ్ళుగా వాళ్ళిద్దరికీ అదే చాలింది.

"అందరూ తిను తిను అంటున్నారు. అసలు నీకేం తినాలని ఉందో చెప్పు హజ్జా" అంది సుబ్బాయమ్మ.

హజ్జా మొహం ఆమె వైపు తిప్పింది. ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు ఇంతవరకు.

"మాసా" అంది.

"అంటే?"

హజ్జా చెయ్యి చాపి బేసినులో పిండిముద్దని తడుముకుంది. పిడికిలి బిగించి, వేలి కణుపుతో ఒక గుంట నొక్కింది. దాని పక్కన ఇంకొకటి, దాని పక్కన ఇంకొకటి. "అమ్మ ఇలాంటి దాంట్లో పోసేది. మట్టి పెనం. బియ్యం రుబ్బి, పులిసాక. తెల్లారి వీధిలో కూర్చుని అమ్మేది. నాకు మొదటి వాయి."

సుబ్బాయమ్మ పిండిలో ఆ గుంటల వంక చూసి నవ్వేసింది. "ఇది మా గుంత పునుగుల పెనమే కదే మామ్మా" అంది తెలుగులో. ఆ మాట హజ్జాకి అర్థం కాలేదు గాని నవ్వు అర్థమైంది. తనూ బోసినోటితో నవ్వింది.

పెనం తెచ్చే పని డ్రైవరు ఇస్హాఖ్ మీద పడింది. జగిత్యాల నుంచి వచ్చి పద్నాలుగేళ్ళుగా ఆ ఇంటి కారు తోలుతున్నాడు. బుధవారం పిల్లల్ని బడి నుంచి దింపి వస్తూ, న్యూస్‌పేపర్లో చుట్టిన పెనం వంటింటి గట్టు మీద పెట్టాడు.

"అక్కా, దీని కోసం గుదైబియా బజార్ల మూడు దుకాణాలు తిరిగిన. మలయాళోళ్ళ కొట్ల దొరికింది. ఏడు గుంతలదే ఉన్నదన్నడు."

"ఏడు చాలు బాయ్. తినేది ఒక్క మనిషేగా."

"పోయే ముంగట నీకు ఈ పనేందుకు? సామాన్ సదురుకోరాదు."

"సర్దేశాను. అట్టపెట్టెకి తాడు కట్టడమే ఆలస్యం." నిజంగానే హజ్జా మంచం కింద ఆ అట్టపెట్టె సిద్ధంగా ఉంది. మెత్తని పసివాళ్ళ దుప్పట్లు, పౌడరు డబ్బాలు, ఊలు టోపీలు, జగ్గారావుకి చేతి గడియారం.

గురువారం మొదటి వాయి చెడిపోయింది. ఇంట్లో ఉన్న బాస్మతి నానబోసి రుబ్బింది. పోసినవి పోసినట్టే విరిగిపోయి నూకలయ్యాయి. హజ్జా ఆ పిండి వేళ్ళ మధ్య రాసి చూసి, "ఇవి విందుల బియ్యం. వీటికి జిగురు లేదు. పొట్టి బియ్యం లేవా?" అని అడిగింది. ఆకుల్లో చుట్టే వంట కోసం మేడం ఈజిప్టు బియ్యం కొంటుంది. అవి పొట్టివి, బొద్దువి, ఉడికితే అంటుకుపోతాయి. సుబ్బాయమ్మ రెండు గ్లాసులు కొలిచి నానబోసింది. అందులో ఓ గుప్పెడు తీసి మెత్తటి అన్నం వండి, చల్లార్చి, నానిన బియ్యంతో కలిపి మిక్సీలో రుబ్బింది. చిటికెడు ఈస్టు వేసింది. గరిటెతో తిప్పబోతుంటే గుమ్మంలో స్టూలు మీద కూర్చున్న హజ్జా చప్పుడు విని కోప్పడింది.

"చేత్తో. గరిటెకి వేడి ఉంటుందా?"

ఇది మాత్రం సుబ్బాయమ్మకి ఎవరూ నేర్పక్కర్లేదు. చేత్తో కలిపిన పిండే పొంగుతుందని వాళ్ళ ఊళ్ళోనూ అంటారు. మోచేతి దాకా కడుక్కుని, పిండిని అడుగు నుంచి పైకి తీసి జారవిడుస్తూ కలిపింది. "సన్ను, సన్ను" అంటోంది హజ్జా. పనిలో ఉన్న మనిషి కనబడితే వాళ్ళ దేశంలో అలా అనాలట, లేకపోతే తప్పట. రెండేళ్ళలో ఆ ఇంట్లో సుబ్బాయమ్మ పనిని పలకరించింది ఆ మాటొక్కటే. వంటిల్లంతా ఏసీ చల్లదనం, అక్కడ పిండి కదలదు. గిన్నెకి గుడ్డ కట్టి బాల్కనీలో పెట్టింది. అక్టోబరు వచ్చినా బయట ఉక్క తగ్గలేదు.

శుక్రవారం తెల్లారేసరికి పిండి గుడ్డని ఎత్తేసింది. పంచదార, ఉప్పు కలిపి, పెనం కాల్చి, ప్రతి గుంటలోనూ నూనె చుక్క వేసి పోసింది. ఎప్పుడు తిప్పాలో హజ్జా చెప్పింది, చూసి కాదు, విని. చిటపట సన్నగిల్లిందో లేదో "ఇప్పుడు" అనేది. సుబ్బాయమ్మ చెంచా కొసతో అంచు లేపి తిరగేస్తే, ఎర్రగా బుగ్గలాంటి పొంగడం పైకి వచ్చేది. వేరుసెనగలు, శొంఠి, ఎండుమిరప కలిపి దంచిన పొడి కూడా హజ్జా చెప్పినట్టే చేసింది. ఒకటి తుంచి, ఊది, పొడి అద్ది, హజ్జా నోటికి అందించింది.

హజ్జా నమిలింది. నములుతూ నములుతూ ఆగిపోయింది. సుబ్బాయమ్మ భయపడింది. "బాగోలేదా?"

"ఇంకోటి" అంది హజ్జా.

అయిదు తింది. మేడం పరుగున వచ్చి చూసి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. సుబ్బాయమ్మ నుదుటి మీద ముద్దు పెట్టింది. నీ చేతిలో ఏదో ఉంది అంది. ఆ మాటకి సుబ్బాయమ్మ పొంగిపోయింది. పోయే ముందు మంచి మార్కులు పడ్డాయి, ఇక నవ్వుతూ పంపిస్తారు అనుకుంది. అమాయకురాలు. పనిచేసే మనిషి పని బాగా చేస్తే యజమాని ఆమెని వదులుకుంటాడా, పట్టుకుంటాడా అన్నది ఆమెకి ఆ పూట తట్టలేదు.

శనివారం పొద్దున, హజ్జా నాలుగు పొంగడాలు తిని నిద్రపోయాక, సుబ్బాయమ్మ చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వెళ్ళింది.

"మేడం, గురువారం విమానం కదండీ. పాస్‌పోర్టు బాబాగారు తీసి ఉంచుతారా?"

మేడం టీ కప్పు కింద పెట్టింది. కసురుకోలేదు. కసురుకుని ఉంటే బాగుండేది. పక్కన కూర్చోమని కుర్చీ చూపించింది. సుబ్బాయమ్మ నిలబడే ఉంది.

"సుబ్బా, నువ్వే చూశావు కదా. హజ్జా నీ చేతి మీద బతికింది. ఇప్పుడు నువ్వు వెళ్తే ఏమవుతుంది? రంజాన్ అయ్యాక వెళ్ళు. నేనే పంపిస్తాను."

"రంజాన్ జనవరిలో కదండీ."

"మూడు నెలలు, నాలుగు నెలలు. ఎంతలో గడుస్తాయి?"

"మా అమ్మాయి, మేడం. పై ఆదివారానికో సోమవారానికో కంటుందని నర్సమ్మ చెప్పింది. మొదటిది."

"మీ దగ్గర ఆసుపత్రి ఉంది కదా?"

ఉంది. ఆసుపత్రి ఉంది. ఆసుపత్రిలో మంచం పక్కన ఎవరుంటారో, వేణ్ణీళ్ళు ఎవరు కాస్తారో, పిల్ల 'అమ్మా' అని అరిస్తే ఎవరు పలుకుతారో, ఇవన్నీ చెప్పడానికి సుబ్బాయమ్మ దగ్గరున్న అరబ్బీ చాల్లేదు. తెలుగైనా చాలేదో లేదో. అలా నిలబడి కొంగు కొస నలుపుతూ ఉంది.

మేడం మనసు కరిగింది. నిజంగానే కరిగింది, ఆమె చెడ్డ మనిషి కాదు. "పోనీ ఒక పని చెయ్యి" అంది. "పై అంతస్తులో ఉమ్మ్ ఫైసల్ దగ్గర మీ దేశం పిల్ల ఉంది కదా. దానికి నేర్పు. రోజూ ఓ రెండు గంటలు పంపమని నేను అడుగుతాను. దాని చేత్తో హజ్జా తిందంటే, గురువారం నువ్వు వెళ్ళు. ఖలాస్."

సుబ్బాయమ్మ ఆ మాట పట్టుకుని మూడు అంగల్లో వంటింట్లో పడింది.

పై అంతస్తు పిల్ల బేబి. నరసాపురం మనిషి, పాతికేళ్ళుంటాయి, చురుకైంది. సాయంత్రం వచ్చింది. బియ్యం కడగడం దగ్గర నుంచి సుబ్బాయమ్మ పక్కనే నిలబడి చెప్పింది.

"ఒసే, నీళ్ళు ఎక్కువ పొయ్యకే. పిండి గరిటెకి అంటుకుని మెల్లిగా జారాల. అదిగో, అలాగ. చేత్తో కలుపు. గోళ్ళు తీసేసుకున్నావా?"

"ఆయ్, తీసేశాను పిన్నీ. నువ్వేం కంగారు పడకు. మా అమ్మ పునుగుల బండే పెట్టేది."

"పునుగులు కాదే ఇవి. పచ్చిమిరగాయ ముక్కలెయ్యకు. ఉల్లిపాయ ముట్టుకోకు."

"ఎయ్యను. నువ్వెల్లిపోతావు పిన్నీ, చూడు. బారసాలకి ఉంటావు. నాకో ఫోటో పంపాలి."

"ఊరుకోవే" అని సుబ్బాయమ్మ గట్టిగా కసిరింది. బారసాల మాట అప్పుడే అనకూడదు. హజ్జా గది తలుపు తీసే ఉంది కూడాను.

ఆదివారం పొద్దున బేబి పోసిన వాయి చూసి సుబ్బాయమ్మకి అసూయ లాంటిది కలిగింది. తనవాటి కంటే గుండ్రంగా, సమంగా వచ్చాయి. తుంచి రుచి చూసింది. ఎక్కడా వంక లేదు. మేడం మంచం కొసన కూర్చుంది. బేబి పళ్ళెం పట్టుకుని వెళ్ళింది. సుబ్బాయమ్మ తలుపు వెనక నిలబడింది. బేబి పొంగడం తుంచి, సుబ్బాయమ్మ చెప్పినట్టే ఊది, పొడి అద్ది, నోటికి అందించింది.

హజ్జా సగం తింది. రెండో ముక్కకి చెయ్యి ఎత్తి, తినిపిస్తున్న చేతిని పట్టుకుంది. వేళ్ళు తడిమింది, మణికట్టు తడిమింది, గాజులు తడిమింది.

"ఇది నా మనిషి చెయ్యి కాదు" అంది. "నా మనిషేదీ?"

"ఇవీ అవే హజ్జా. తిను" అంది మేడం.

"రుచి అదే. నా మనిషి వచ్చి పెట్టాలి." గారాబంగా నవ్వి పెదవులు మూసేసింది. ఆ నవ్వు చూస్తే చిన్నపిల్లలా ఉంది. ఎంత బతిమాలినా మళ్ళీ నోరు తెరవలేదు.

మేడం లేచి, తలుపు వెనక ఉన్న సుబ్బాయమ్మని చూసింది. చేతులు రెండూ తిప్పి, నేనేం చేసేది అన్నట్టు నిలబడి, హాల్లోకి వెళ్ళిపోయింది. బేబి కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని, "నేనేం తప్పు చేశాను పిన్నీ?" అంది. తప్పు బేబిది కాదు. ముందు రోజు రాత్రి హజ్జా చెవిలో ఒక్క ముక్క వేసి ఉంటే సరిపోయేది. రేపు ఆ పిల్ల పెడుతుంది, నా కోసం తినమని. దిష్టి తగులుతుందని నోరు కట్టుకున్న తన తెలివికి సుబ్బాయమ్మ తలుపు వెనకే నిలబడి తనని తానే తిట్టుకుంది.

మధ్యాహ్నం ఇస్హాఖ్ మంచినీళ్ళ సీసాలు పైకి తెచ్చి సంగతంతా విన్నాడు.

"నీ కాళ్ళకు నువ్వే తాడు కట్టుకున్నవ్ అక్కా. ఆ పెనం తెచ్చిచ్చినోణ్ణి నేను. నాదీ తప్పే" అన్నాడు. ఖాళీ సీసాలు ఒక్కొక్కటే లెక్క లేకుండా సర్దుతూ నిలబడ్డాడు.

ఆ సాయంత్రం హజ్జా కాళ్ళకి నూనె రాస్తూ సుబ్బాయమ్మ చెప్పేసింది. ఇక దాచి ఏం లాభం? కూతురు, నెలలు నిండడం, గురువారం, బేబి ఎందుకు వచ్చింది, అన్నీ. వచ్చిన అరబ్బీలో, రానిచోట తెలుగులో, అదీ రానిచోట తన కడుపు మీద చెయ్యి వేసి చూపించి. తెలుగు మాటలకి కూడా హజ్జా తల ఊపుతూనే ఉంది. అంతా అయ్యాక కాళ్ళు వెనక్కి తీసుకుని దుప్పటి కప్పుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

సుబ్బాయమ్మ నూనె గిన్నెకి మూత పెట్టింది.

"మా అమ్మా నాన్నా హజ్ కి వచ్చి మక్కాలో పోయాక నన్ను ఈ నూరా వాళ్ళ తాత ఇంట్లో పెట్టారు" అంది హజ్జా. "మా ఊరివాళ్ళు తిరిగి వెళ్తుంటే నేనూ వెళ్తానన్నాను. ఇంట్లో బాలింత ఉంది, బిడ్డకి పళ్ళొచ్చేదాకా ఉండమన్నారు. పళ్ళొచ్చాయి. ఇంకో బిడ్డ పుట్టింది. ఆ బిడ్డకి బిడ్డలు కూడా." సుబ్బాయమ్మ వైపు తిరిగి, "గురువారమంటే ఎన్నాళ్ళుంది?" అని అడిగింది.

"మధ్యలో మూడు రోజులు."

"సరే" అంది హజ్జా. అటు తిరిగి పడుకుంది.

సోమవారం పొద్దున మేడం ముందే ఆమె పళ్ళెం తోసేసింది. "దీని చెయ్యి చెడిపోయింది. నాకు ఇవి వద్దు. నిన్నటి పిల్లని పిలవండి, అదే పెట్టాలి."

సుబ్బాయమ్మకి ముందు ప్రాణం చివుక్కుమంది. మరుక్షణం అర్థమైంది. పళ్ళెం ఎత్తుకుంటూ తలదించుకుని వంటింట్లోకి వచ్చేసింది. పళ్ళెం గట్టు మీద పెట్టింది. మేడం పైకి వెళ్ళింది. అయిదు నిమిషాల్లో తిరిగి వచ్చింది. ఉమ్మ్ ఫైసల్ వాళ్ళు ముందు రోజు సాయంత్రమే బేబిని కూడా తీసుకుని సౌదీలో దమ్మామ్ వెళ్ళారు. అక్కడ పెళ్ళి. పదిహేను రోజుల దాకా రారు.

హజ్జాకి ఇంకొక్క దారే మిగిలింది, సుబ్బాయమ్మని ఉంచుకున్నా లాభం లేదనిపించడం. ఆ పూట నుంచి ఏమీ ముట్టుకోలేదు. మంగళవారం పాలు కూడా పక్కకి తోసేసింది. సుబ్బాయమ్మ రోజూ పిండి కలుపుతూనే ఉంది, పోస్తూనే ఉంది, పళ్ళెం పట్టుకెళ్తూనే ఉంది. "పో, నీవి వద్దు" అనేది హజ్జా, మేడం వినేలా, గట్టిగా. మేడం గది దాటగానే ఆ తడిసిన కళ్ళు సుబ్బాయమ్మ వైపు తిరిగేవి. కూర్చున్నచోటు నుంచి గాలి తడిమి ఆమె చెయ్యి పట్టుకుని ఒక్కసారి నొక్కి వదిలేది. పళ్ళెం వెనక్కి పట్టుకొస్తూ సుబ్బాయమ్మ తనలో తను తర్జనభర్జన పడేది. ఈమె ఇలా మాడుతుంటే తను విమానం ఎక్కడమా? ఎక్కకపోతే ఈమె మాడిందంతా దండగా?

బుధవారం మధ్యాహ్నం డాక్టరు మళ్ళీ వచ్చి చేతికి గ్లూకోజు పెట్టి వెళ్ళాడు. సాయంత్రం మేడం సుబ్బాయమ్మని హాల్లోకి పిలిచింది. ఏడ్చినట్టుంది, ముక్కు ఎర్రగా ఉంది. సుబ్బాయమ్మ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

"చూశావా సుబ్బా, ఎంత ప్రేమో నీ మీద? నువ్వు వెళ్తున్నావని ఎలాగో కనిపెట్టేసింది. అందుకే అలిగి తిండి మానేసింది. ఇప్పుడు నిన్ను పంపిస్తే ఆమె బతకదు. ఆ పాపం నేను మొయ్యలేను, నువ్వూ మొయ్యలేవు. బాబా ఆఫీసుకి ఫోన్ చేసి టిక్కెట్టు రద్దు చేయించారు."

కాదు మేడం, అందుకు కాదు, సరిగ్గా దానికి ఎదురు, అని చెప్పాలి. చెబితే ఏమవుతుంది? ముసలామె చేత నాటకం ఆడించావంటారు. తింటే, నీ చేత్తో తింటోంది కాబట్టి వెళ్ళకూడదు. తినకపోతే, తినడం లేదు కాబట్టి వెళ్ళకూడదు. ఎటు తిరిగినా గోడే. ఆ గోడని ఇంత మెత్తటి చేతులతో కట్టారు, తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా.

"నీ మనవడికి బంగారపు మొలతాడు నేను చేయిస్తాను" అంది మేడం. "ఏడవకు."

గురువారం పొద్దున పదిన్నరకి సుబ్బాయమ్మ వంటింట్లో ఉంది. బాల్కనీ తలుపు తీసే ఉంది. విమానం చప్పుడు ఏదో వినపడింది. అదో కాదో. అప్పుడు పెనం మీద ఏడూ మాడిపోయాయి. అవి గీకి పారేసి, మళ్ళీ నూనె రాసి, మళ్ళీ పోసి, పళ్ళెంలో వేసుకుని హజ్జా దగ్గరికి వెళ్ళి కింద కూర్చుంది.

"మేడం లేరు. బజారుకి వెళ్ళారు. తిను."

హజ్జా తల అడ్డంగా ఊపింది. నాలుగు రోజుల్లో ఆ మొహం ఎముకల మీద తోలయింది. "ఇవాళ గురువారం కదా. నువ్వు బయల్దేరలేదా? కారు రాలేదా?"

"టిక్కెట్టు తీసేశారు హజ్జా. నిన్ననే."

"నేను తినకపోయినా?"

"నువ్వు తినలేదని."

హజ్జాకి అది తలకెక్కడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత గ్లూకోజు సూది గుచ్చి కమిలిన చేతిని ఎత్తి, తన నోటి మీద తనే కొట్టుకుంది. ఒకసారి, రెండుసార్లు. సుబ్బాయమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నా చేతిలో ఉన్నది ఈ నోరొక్కటే" అంది హజ్జా. "ఇంకేం లేదు నా దగ్గర. అది కూడా పనికి రాలేదు."

"తిను మామ్మా" అంది సుబ్బాయమ్మ. తెలుగులోనే అంది. అరబ్బీ గుర్తు రాలేదు. "ఇంకెందుకే నీకీ శిక్ష? నేనెక్కడికీ ఎల్లట్లేదు. తినెయ్. నా తల్లివి కదూ, తినెయ్."

తుంచి, ఊది, నోటి దగ్గర పెట్టింది. హజ్జా నోరు తెరిచింది. ఇద్దరూ ఏడుస్తూనే ఒకరు పెట్టారు, ఒకరు తిన్నారు.

ఆదివారం మధ్యాహ్నం ఇస్హాఖ్ గుదైబియా నుంచి రాజోలు ఎస్‌టీడీ బూత్‌కి ఫోన్ చేసి, జగ్గారావుని పిలిపించి మాట్లాడి వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, వంటింటి గడప దగ్గర ఆగాడు.

"ఆడపిల్ల అక్కా. పొద్దుగాల నాలుగు గంటలకు. తల్లీ బిడ్డా మంచిగున్నరు. ఫికర్ లేదు."

"ఎంతసేపు పడింది నొప్పులు?"

ఇస్హాఖ్ పక్కకి చూశాడు. "శుక్రవారం రాత్రి సురువైనయట. కొంచెం కష్టమైందన్నడు బావ. అమ్మ ఇంకా రాలేదా, అమ్మ ఇంకా రాలేదా అని అడిగిందట పిల్ల. వస్తున్నదని చెప్పిండట."

శుక్రవారం రాత్రి నుంచి ఆదివారం తెల్లారిందాకా. గురువారం ఎక్కి ఉంటే శనివారానికల్లా ఇంట్లో ఉండేది. ఆఖరి రాత్రికి ఉండేది. ఈపాటికి కాయం నూరుతూ ఉండేది. సుబ్బాయమ్మ ముందు ఉన్న రోట్లో శొంఠి, మిరప సగం నలిగి ఉన్నాయి. అక్కడ బాలింత కోసం నూరాల్సిన శొంఠి ఇక్కడ నూరుతోంది.

స్టూలు మీద కూర్చున్న హజ్జా తెలుగు మాటల్లో ఒక్కటీ అర్థం కాకపోయినా అంతా విన్నట్టే ఉంది. "వచ్చేసిందా?" అని అడిగింది.

"వచ్చేసింది. ఆడపిల్ల."

హజ్జా ఒళ్ళో పళ్ళెంలోంచి ఒక పొంగడం తడిమి తీసింది. సుబ్బాయమ్మ మొహం ఎక్కడుందో వేళ్ళతో వెతికి, గడ్డం పట్టుకుని, నోట్లో పెట్టింది. "సన్ను" అంది. ఇన్నాళ్ళూ పోసిన పొంగడాల్లో సుబ్బాయమ్మ మొత్తంగా తిన్నది అదొక్కటే. చల్లారిపోయినా మెత్తగా ఉంది.

అప్పుడే మేడం వచ్చింది. ముసలామె తినిపించడం, పనిమనిషి తినడం చూసి ఆమె మొహం విప్పారింది. ఇస్హాఖ్ సంగతి చెబితే ఎంతో సంతోషించి సుబ్బాయమ్మని కౌగిలించుకుంది. ఆడపిల్లయితే మొలతాడు కాదు, గాజులు చేయిస్తానంది. తర్వాత మంచం కింద చూసి, "ఆ అట్టపెట్టె పైన అటక మీద పెట్టించు, హజ్జా కాలికి తగులుతుంది" అంది. వెళ్ళిపోతూ గుమ్మంలో ఆగింది.

"రేపు మా అక్కలు వస్తున్నారు. ఈ మాసా గురించి చెప్పాను. ఎక్కువ చెయ్యి."

ఇస్హాఖ్ తాడు కట్టని పెట్టెని భుజానికెత్తుకుని అటక వైపు వెళ్ళాడు. పసివాళ్ళ పౌడరు వాసన వంటిల్లంతా వచ్చి పోయింది. సుబ్బాయమ్మ డబ్బా మూత తీసి, పొట్టి బియ్యం నాలుగు గ్లాసులు కొలిచి, మూడుసార్లు కడిగి, నీళ్ళు పోసి మూత పెట్టింది.